మొదటి రాళ్ల పెట్టె: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో జియాలజీ పాఠాలు చెప్తుంటాను. "మా వాడికి రాళ్లంటే పిచ్చి సార్, ఏ సెట్ కొనమంటారు?" అని అడిగే తల్లిదండ్రుల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఎన్ని ఎక్కువ రాళ్లుంటే సెట్ అంత మంచిది.

వాస్తవం: ఎనిమిదో పదో చాలు. ఒక్కోటీ అగ్గిపెట్టెంతైనా ఉండాలి. శనగగింజంత ముక్కల్ని అట్టకి అతికించి అమ్మే సెట్లు కొనకండి, వాటిని గీసి చూడలేం. కళ్లు చెదిరే నీలం, గులాబీ అగేట్ పలకలు చాలావరకు రంగు వేసినవే.

అపోహ: రంగు చూస్తే ఖనిజం తెలిసిపోతుంది.

వాస్తవం: పిల్లల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, తెల్లగా ఉంటుంది, ఊదాగానూ ఉంటుంది. ముందు గట్టిదనం చూడాలి. పాతకాలపు రాతి బలపం మీద గోటితోనే గీత పడుతుంది. సున్నపురాయిలో ఉండే ఖనిజం కాల్సైట్‌కి చాకు కావాలి. పలుగురాయి గాజునే గీసేస్తుంది. అందుకే నేనైతే ఈ మూడింటితోనే మొదలుపెట్టమంటాను. కాల్సైట్ మీద వెనిగర్ చుక్క వేస్తే బుడగలొస్తాయి, పలుగురాయి మీద రావు. తర్వాత రాయిని టైల్ వెనక గరుకు వైపు రుద్దించి, పడే గీత రంగు చూడమనండి. నల్లగా మెరిసే హెమటైట్ అనే ఇనుప ఖనిజం కూడా ఎర్రటి గీతే పెడుతుంది. అది చూసినప్పుడు పిల్లల మొహాలు వెలిగిపోతాయి!

అపోహ: మన జిల్లాల్లో ఏముంది, అన్నీ మామూలు రాళ్లే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. మన కొండల్లోని ఖొండలైట్ అనే రాతిలో ఎర్రటి గార్నెట్ చుక్కలు, గ్రాఫైట్ రేకులు లెన్స్‌తో చూడొచ్చు. కోణార్క్ గుడి కట్టింది ఈ రకం రాతితోనే. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. గరివిడి దగ్గరి కోడూరు గని పేరు మీద కోడూరైట్ అని ఒక రాయే ఉంది. టెక్కలి వైపు గ్రానైట్ కటింగ్ యూనిట్లలో ఒకవైపు పాలిష్ పట్టిన వేస్టు ముక్క అడిగి చూడండి, లోపలి ఖనిజాలు స్పష్టంగా కనిపిస్తాయి. క్వారీల్లోకి మాత్రం పిల్లల్ని తీసుకెళ్లొద్దు. బీచ్‌లో నల్ల ఇసుకని లెన్స్‌తో చూసి అక్కడే వదిలేయండి, అందులో రేడియోధార్మిక మూలకం థోరియం ఉన్న మోనజైట్ అనే ఖనిజం కూడా ఉండొచ్చు.

అపోహ: రాయి పేరు రాసిపెడితే చాలు.

వాస్తవం: పేరు తప్పైతే తర్వాత దిద్దుకోవచ్చు. దొరికిన చోటు మర్చిపోతే ఇంకెవరూ చెప్పలేరు. రాయి మీద ఓ మూల తెల్ల పెయింట్ చుక్క పెట్టి నంబరు వేయండి. నోట్‌బుక్‌లో అదే నంబరు పక్కన ఊరు, తేదీ, కొండ మీదా వాగులోనా అన్నది పిల్లల చేతే రాయించండి.