నేపథ్యం: ఒడిశా సరిహద్దు బళ్లలో పిల్లల రాతకు పాఠకులు ఎలా కరువయ్యారు?

గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు ఇళ్ల పిల్లలు చదివే బళ్లలోనూ ప్రాజెక్టు పని పేరుతో గోడల నిండా చార్టులు ఉంటాయి. చాలావరకు అవి స్టేషనరీ దుకాణంలో కొన్న బొమ్మల షీట్లను కత్తిరించి అంటించినవి, లేదా పాఠ్యపుస్తకం చూసి ఎత్తిరాసినవి. మార్కులు పడ్డ మర్నాటికి వాటితో ఎవరికీ పని ఉండదు. పిల్లల ఊహకు, పంతుళ్ల ఓపికకు ఇక్కడ కొదవ లేదు. వాళ్లు చేసినదాన్ని చదివేవాళ్లు, వాడుకునేవాళ్లు కరువయ్యారు. ఆ కరువు మెల్లగా వచ్చింది.

గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరేనాటికి చుట్టూ కొండల్లో ఉన్న సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు లేదు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు నడిపారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఈ వరస గమనించాలి: ముందు వాచకం, ఎన్నో ఏళ్లకు నిఘంటువు. రేపటి పాఠానికి పిల్లల ముందు ఏదో ఒకటి పెట్టాలన్న అవసరంతో మొదలైన పని చివరికి పండితులు వాడుకునే గ్రంథమైంది. పంతులు చేతిలో సృజన ఎలా పెరుగుతుందో చూపడానికి ఈ జిల్లాల్లో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

పిల్లల రాత గురించీ ఆయన పట్టుబట్టారు. 1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగార్, గిడుగు కలిసి బళ్లలో వాడుకభాష కోసం వాదించారు. స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని వాడుకభాషలో రాసినా చెల్లుతుందన్న అనుమతి కొద్దికాలం నడిచి, వ్యతిరేకత రావడంతో ఆగిపోయింది. మాట్లాడే మాటను రాయనివ్వకపోతే పిల్లవాడు కంఠస్థం చేసిందే రాస్తాడన్న సంగతి ఆ గొడవతోనే తేటపడింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. గిడుగు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. బడి ఒడియాలోకి మారి, ఇల్లు తెలుగులో ఉండిపోయే కాలం మొదలైంది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉంటే మాతృభాషలో ప్రాథమిక బోధన జరగాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం సూత్రం పెట్టింది. భాషా మైనారిటీ పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందే ఏర్పాట్లు చెయ్యాలనే 350ఎ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది. కాగితం మీద హక్కు ఉంది. లెక్క దగ్గరే చిక్కు. బడిలో చేర్చేటప్పుడు ఫారంలో మాతృభాష గడిలో ఒడియా అని పడితే ఆ పిల్లవాడు లెక్కలోకే రాడు. పిల్లలు నాలుగు బళ్లకు చెదిరితే ఏ తరగతిలోనూ 10 మంది తేలరు. పై చదువులు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉన్నప్పుడు తల్లిదండ్రులు అటే మొగ్గడంలో తప్పులేదు కూడా. 2007లో ఒడిశా మొదలుపెట్టిన బహుభాషా విద్యలో సవర, కువి, కోయ, బొండా సహా 10 గిరిజన భాషలకు చోటు దక్కింది. అది మంచి పని. తెలుగు ఇళ్ల పిల్లలు మాత్రం ఆ పథకం పరిధిలోకి రారు.

ఇదే కాలంలో అమెరికాలో విద్యా మనస్తత్వవేత్త జోసెఫ్ రెంజులి పాఠాలు బాగా అప్పగించే తెలివిని, కొత్తది చేసి చూపే తెలివిని వేరుచేశారు. 1977లో ఆయన ప్రతిపాదించిన నమూనాలో మూడు మెట్లున్నాయి: కొత్త విషయాల పరిచయం, అవసరమైన మెళకువలు, ఆపై పిల్లలు తామే ఎంచుకున్న నిజమైన సమస్యపై పని. మూడో మెట్టుకు షరతు ఏమిటంటే, తయారైనది టీచరుకు కాక దానితో అవసరమున్నవాళ్లకు చేరాలి. మన బళ్లు మొదటి రెండు మెట్ల దగ్గర ఆగుతున్నాయి. మార్కుల విషయంలోనూ ఒక మాట చెప్పాలి. విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల ఆసక్తి నిలిచింది. పక్కన మార్కు కూడా వేస్తే వ్యాఖ్య వల్ల వచ్చిన మేలు పోయింది. అందుకే చిత్తుప్రతి మీద మార్కు వెయ్యకండి.

ఇక్కడి బడికి తగిన పని రెండు భాషల చిన్న పుస్తకం. నాలుగు ఎ4 కాగితాలను ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే 16 పేజీలు వస్తాయి. ఖాళీగా ఉన్నప్పుడే మడిచి పెన్సిలుతో పేజీ అంకెలు వేసి, తర్వాత విప్పి రాయాలి. ముందే రాసి మడిస్తే వరస కచ్చితంగా తప్పుతుంది. ఏ కాగితం ఏ వైపు చూసినా రెండు పేజీల అంకెలు కూడితే 17 రావాలి, సరిచూసుకోవడానికి అదే గుర్తు. మొదటి, చివరి పేజీలు అట్టకు పోగా ఎదురెదురు పేజీల జతలు ఏడు మిగులుతాయి: ఎడమవైపు తెలుగు, కుడివైపు ఒడియా, ఒక్కో పేజీకి 40 మాటలకు మించకుండా. మడత పక్కన 2 సెంటీమీటర్లు వదలాలి. పెన్సిలు గీతలు, పసుపు రంగు జెరాక్సులో సరిగా పడవు. నల్ల పెన్నుతో దిద్దించండి. మామూలు స్టేప్లర్ మడత దాకా అందదు. మడత మీద మూడు కన్నాలు చేసి, 60 సెంటీమీటర్ల నూలుతో నడిమి కన్నంలోంచి లోపలి నుంచి బయటికి, పై కన్నంలోంచి లోపలికి, కింది కన్నంలోంచి బయటికి, మళ్లీ నడిమి కన్నంలోంచి లోపలికి తెచ్చి ముడి వేస్తే చాలు.

చాలామంది పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. మొదట ఒడియా అక్షరాల్లోనే తెలుగు రాయనివ్వాలి. ఒడియా లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం, ఒ, ఓలకూ ఒకటే. కాబట్టి మెడ, మేడ ఒక్కలా కనిపిస్తాయి. దీర్ఘం ఉన్నచోట అక్షరం మీద అడ్డగీత పెట్టిస్తే తికమక తీరుతుంది. 'ఎల్తన్నాం' అని పిల్లవాడు రాస్తే 'వెళ్తున్నాం' అని ఎర్రసిరాతో కొట్టెయ్యకూడదు. ఇంట్లో అవ్వకు చదివి వినిపించాల్సింది ఆ మాటే.

విషయం ఊళ్లోంచే రావాలి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పని, సవరల గోడచిత్రం ఇడితాల్, లేదా ఊరి బావులు. బావులైతే అర మీటరుకో ముడి వేసిన తాడుకు రాయి కట్టి, మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి నీటి లోతు కొలిచి పట్టిక రాయొచ్చు. ఊరివాళ్లంతా కూర్చునే పల్లి సభలో మంచినీటి చర్చ వచ్చినప్పుడు ఆ పట్టికతో పని పడుతుంది. పిల్లలొక్కరే బావి దగ్గరికి వెళ్లకూడదు, పెద్దవాళ్లు వెంట ఉండాలి. పుస్తకం పనికి వారానికి రెండు పీరియడ్ల చొప్పున ఆరు వారాలు పెట్టుకోండి. నలుగురి జట్టులో అడిగేవాళ్లు, రాసేవాళ్లు, బొమ్మ వేసేవాళ్లు, సరిచూసేవాళ్లు ఉంటారు. రెండు వారాలకోసారి పనులు మార్చకపోతే దస్తూరీ బాగున్న ఒక్క అమ్మాయి మీదే అంతా పడుతుంది.

పంతుళ్ల సంగతి ఇంకాస్త కష్టం. పని కలపడమే గాని తగ్గించడం ఎవరూ చెయ్యరు. ఈ పుస్తకం పెట్టుకున్న నెలలో మరో ప్రాజెక్టు అడగకుండా ఉండటం ప్రధానోపాధ్యాయుల వంతు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే క్లస్టర్ సమావేశానికి ప్రతివాళ్లూ తాము తయారుచేసిన ఒక్క పేజీ తేవాలి. పక్క బడి టీచరు దాన్ని తన తరగతిలో వాడి, ఎక్కడ పిల్లలు ఆగారో దాని వెనకే రాసి తిరిగివ్వాలి. మెచ్చుకోలు కంటే ఆ రాత ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే దాన్ని చూసే రెండో ప్రతి తయారవుతుంది. తెలుగు రాని ఒడియా టీచర్లకు తెలుగు వచ్చినవాళ్లను జత చెయ్యండి. బదిలీ అయినప్పుడు ఈ పేజీలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోవడం మామూలు. పేజీల దస్త్రాన్ని బడి స్టాకు రిజిస్టరులో ఎక్కించి, ఛార్జి అప్పగించే జాబితాలో చేర్చండి.