మాక్యులా ఆపరేషన్ తర్వాత పసుపు మచ్చలు: అపోహలు - వాస్తవాలు

"ఆపరేషన్ చేసినాక మచ్చలు ఇంకా ఎక్కువైనాయి సార్, ఫెయిలైనట్టేనా?" షుగర్ వల్ల మాక్యులా (కంటి వెనక తెర రెటీనాలో సూటి చూపునిచ్చే నడిభాగం) వాచి విట్రెక్టమీ (కంట్లోని జెల్లీ తీసేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్ళు మొదటి నెల చెకప్‌లో తరచూ అడిగే మాట ఇది. కంటి వెనక భాగాన్ని తీసే పాత ఫండస్ ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెడితే నిజంగానే అట్లా కనిపిస్తుంది. కాబట్టి వాళ్ళ భయంలో తప్పులేదు. కానీ ఆ భయంతో చుక్కల మందు ఆపేసేవాళ్ళున్నారు, చెకప్ మానేసేవాళ్ళున్నారు. పలమనేరు, పుంగనూరు వైపు వాళ్ళు పాత ఫైలు కూడా లేకుండా వేలూరుకో చెన్నైకో బయల్దేరతారు. చూపు దెబ్బతినేది ఇక్కడే.

అపోహ: మచ్చలు పెరిగాయంటే ఆపరేషన్ చెడిపోయినట్టే.

వాస్తవం: ఈ పసుపు మచ్చలను హార్డ్ ఎగ్జుడేట్లు అంటాం. పాడైన రక్తనాళాల నుంచి కారిన కొవ్వు, ప్రొటీన్లే ఇవి. వాపు ఉన్నన్నాళ్ళు వీటిలో చాలా భాగం నీటిలో కలిసి ఉంటుంది. ఆపరేషన్‌లో మాక్యులా మీది పొర తీసి, అది లాగే లాగుడు తగ్గించాక ముందు నీరు ఇంకుతుంది, కొవ్వు వెనకబడుతుంది. చెరువు ఎండినాక చవుడు తేలినట్టు, అప్పటిదాకా కనబడని కొవ్వు గడ్డకట్టి పసుపుగా తేలుతుంది. మొదటి రెండు మూడు నెలల్లో మచ్చలు పెరగడం ఇందుకే. తర్వాత ఒంట్లో చెత్తను శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాలు ఆ కొవ్వును కొంచెం కొంచెంగా మింగేస్తాయి. దానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది.

అయితే పెరిగిన ప్రతి మచ్చా మంచిదని కాదు. తేడా చెప్పేది ఓసీటీ, అంటే రెటీనా పొరల మందం కొలిచే స్కాన్. మచ్చలు పెరిగి మాక్యులా మందం తగ్గుతుంటే నీరు ఇంకుతున్నట్టు. మచ్చలతో పాటు మందం కూడా పెరుగుతుంటే కారడం ఆగలేదు, ఇంజెక్షనో లేజరో ఆలోచించాలి. ఈ పోలిక ఒకే కంపెనీ మెషీన్ మీద తీసిన స్కాన్ల మధ్యే చేయాలి. మెషీన్ మారితే అదే కంటికి పదుల మైక్రాన్ల తేడా వస్తుంది, ఆ అంకెలు చూసి కంగారు పడొద్దు. వేరే ఊళ్ళో చూపించుకోవాలనుకుంటే చూపించుకోండి. ఆపరేషన్‌కు ముందు తీసిన ఓసీటీ, డిశ్చార్జ్ కాగితం మాత్రం వెంట తీసుకుపోండి.

పసుపు మచ్చ సరిగ్గా ఫోవియా (మాక్యులా నట్టనడుమ) కింద గట్టిగా పేరుకుంటే మాత్రం, అది కరిగినా అక్కడ గాయం మానినట్టు గీత (స్కార్) మిగిలి చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఈ మాట రోగికి ముందే చెప్పాలి. ఇక్కడ మన చేతిలో ఉన్నది షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళకు ఎగ్జుడేట్లు కూడా ఎక్కువ. 2010లో వెలువడ్డ అకార్డ్ ఐ అనే పరిశోధన ఫలితాల్లో స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర)తో పాటు ఫెనోఫైబ్రేట్ (రక్తంలో కొవ్వు తగ్గించే మరో మాత్ర) వాడినవాళ్ళకు రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా చెడడం) ముదరడం తగ్గింది. కిడ్నీ పరీక్ష చూడకుండా, ఫిజీషియన్‌ను అడగకుండా ఆ మాత్ర వేసుకోకండి.

అపోహ: పొన్నగంటి కూర తిని, కంటి విటమిన్లు వేసుకుంటే మచ్చలు కరుగుతాయి.

వాస్తవం: కూర తినండి, మంచిదే. కానీ దాంతో ఎగ్జుడేట్ కరగదు. ల్యూటీన్ 10 మి.గ్రా., జియాజాంథిన్ 2 మి.గ్రా. ఉండే ఏఆర్ఈడీఎస్2 అనే కంటి విటమిన్ మాత్రలు వయసుతో రెటీనా కింద డ్రూసెన్ అనే వేరే రకం పసుపు మచ్చలు చేరే జబ్బు మధ్యదశకు వచ్చినవాళ్ళకు. అవి కూడా డ్రూసెన్‌ను కరిగించవు, జబ్బు ముదరడాన్ని నెమ్మదిస్తాయి. షుగర్ మచ్చలకు వాటిమీద నెలనెలా డబ్బు పోయడం దండగ. నందివర్ధనం రసం, తల్లిపాలు ఆపరేషన్ చేసిన కంట్లో అస్సలు వేయకూడదు, ఇన్ఫెక్షన్ రావచ్చు.

అపోహ: ఏడాది తర్వాత చూపు మసకబారితే మచ్చలే కారణం.

వాస్తవం: 50 దాటినవాళ్ళకు విట్రెక్టమీ తర్వాత రెండేళ్ళలోపు శుక్లం రావడం మామూలు. ముందు అది చూపించుకోండి.

కొండకు పోయేవాళ్ళకు ఒక మాట. ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ నింపి ఉంటే అది పూర్తిగా పోయేదాకా తిరుమల ఎక్కకండి. ఆ గ్యాస్ ఎస్ఎఫ్6 రకమైతే సుమారు 2 వారాలు, సీ3ఎఫ్8 రకమైతే 8 వారాల దాకా ఉంటుంది. ఘాట్ రోడ్డులో దాదాపు 700 మీటర్లు పైకి పోతాం. గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది, కంటి ప్రెజర్ పెరుగుతుంది. మొక్కు కొన్ని వారాలు ఆగుతుంది, కన్ను ఆగదు. గుండు కూడా డాక్టరు సరేనన్నాకే, తల మీది నీళ్ళు కంట్లోకి పోకూడదు.

నొప్పి, ఎరుపు, ఉన్నట్టుండి చూపు పడిపోవడం, పక్కనుంచి తెర కప్పినట్టుండడం, ఇవి మచ్చల లక్షణాలు కావు. వీటిలో ఏది కనిపించినా తర్వాతి చెకప్ తేదీ కోసం ఆగకుండా ఆ రోజే రండి.