అంకుల్ అంటే ఎవరు?

చిరంజీవులు చిన్నూ, బన్నీలకు అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది.

బన్నీ స్కూలు కోసం గీసిన ఫ్యామిలీ ట్రీ ఫొటో మీ అమ్మ నిన్న పంపింది. ఆకులకు రంగులు ఎంత బాగా వేశావురా నాన్నా! నన్నూ తాతయ్యనూ ఒకే కొమ్మ మీద కూర్చోబెట్టావు, చాలా సంతోషం. అయితే ఆ చెట్టులో నాలుగు చోట్ల 'అంకుల్' అని కనిపించింది. ఒకరు మీ నాన్న వాళ్ల అన్నయ్య, ఒకరు తమ్ముడు, ఒకరు మీ మేనత్త భర్త, ఇంకొకరు నా కొడుకు. ఇంగ్లీషులో అది తప్పేం కాదు. టీచరు సరే అనే ఉంటారు. కానీ ఆ ఒక్క మాట గురించి మీకు చెప్పాలనిపించి కాగితం, పెన్ను తీసుకున్నాను.

మనకు ఆ నలుగురూ వేరు వేరు. నాన్న అన్నయ్య పెదనాన్న. తమ్ముడు బాబాయి. తెలంగాణలో చాలా ఇళ్లలో ఆయన్నే కాక అంటారు. అమ్మ అన్నదమ్ములు మేనమామలు. మేనత్త భర్త కూడా మామయ్యే. ఈ పిలుపు తెలిస్తే మిగతా చుట్టరికం దానంతట అదే తెలిసిపోతుంది. పెదనాన్న పిల్లలు మీకు అన్నలు, అక్కలు. మామయ్య పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. పాతరోజుల్లో మేనరికాలు ఎక్కువగా జరిగేవి, అందుకే ఈ తేడా అంత ముఖ్యమైంది. దగ్గర రక్తసంబంధం మంచిది కాదని డాక్టర్లు చెబుతున్నారు, ఇప్పుడు చాలామంది ఆ పెళ్లిళ్లు మానేశారు. పిలుపులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఈ 'అంకుల్' అనే మాట పుట్టినప్పుడు దాని అర్థం మేనమామ!

రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో మాట్లాడిన లాటిన్‌లో అమ్మ అన్నదమ్ముడిని 'అవుంకులుస్' అనేవారు. 'అవుస్' అంటే తాత. కాబట్టి ఆ మాటకు 'చిన్న తాత' అని అర్థం వస్తుంది. నాన్న అన్నదమ్ముడికి వేరే పేరుంది, 'పత్రూస్'. అందులో నాన్న అనే అర్థమున్న 'పాతెర్' దాగి ఉంది. అమ్మ అక్కచెల్లెళ్లను 'మాతెర్తెర' అనేవారు, అందులో అమ్మ ఉంది. నాన్న అక్కచెల్లెళ్లు 'అమిత'. చూశారా, మనదీ ఇదే పద్ధతి! పెదనాన్నలో నాన్న, పెద్దమ్మలో అమ్మ ఉన్నారు. మామకూ అత్తకూ మాత్రం విడి మాటలు. మన తెలుగు లాటిన్ నుంచి వచ్చింది కాదు. ఎక్కడో దూరాన ఉన్న ఇంకో జనం కూడా చుట్టాలను మనలాగే విడదీసి చూశారని తెలిసినప్పుడు నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను.

ఆ 'అవుంకులుస్' ఫ్రెంచి వాళ్ల నోట నలిగి 'ఓంక్ల్' అయింది. 'అమిత' కూడా అలాగే అరిగి 'ఆంట్' అయింది. అప్పటి ఇంగ్లీషు వాళ్లకు ఈ మాటల అవసరమే లేదు. పాత ఇంగ్లీషులో మేనమామకు ఒక మాట, నాన్న సోదరుడికి ఇంకో మాట, మేనత్తకూ పిన్నికీ చెరొక మాట ఉండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నారు. రాజుగారి కొలువులో, పెద్దల ఇళ్లలో ఫ్రెంచి నడిచింది. రెండు మూడు వందల ఏళ్లలో ఆ పాత పిలుపులు ఒక్కొక్కటే పోయి, అంకుల్, ఆంట్ అనే రెండే మిగిలాయి. అంటే ఇవాళ ఇంగ్లీషు పిల్లలు తమకు తెలియకుండానే బాబాయిని మామయ్య అని, పిన్నిని అత్త అని పిలుస్తున్నట్టే కదా!

మన ఊళ్లకు వచ్చాక ఆ మాట ఇంకో మలుపు తిరిగింది. ఇంగ్లీషులో అంకుల్ అంటే ముందుగా సొంత చుట్టమే. మన దగ్గర మాత్రం చుట్టం కాని వాళ్లే ఎక్కువగా అంకుల్ అవుతారు. పక్కింటాయన, నాన్న ఆఫీసు స్నేహితుడు, మెడికల్ షాపాయన, అందరూ అంకుల్సే. నా చిన్నప్పుడు వీధిలో అందరితోనూ వరస కలిపి మాట్లాడేవాళ్లం. ఎదురింటి పెద్దాయన బాబాయి, ఆ పక్కాయన మామ. రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు కూడా పిల్లలందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. మొన్న నేను ఎక్కిన ఆటో అబ్బాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు, కాలేజీ పిల్ల అతన్ని అంకుల్ అంది. అతని ముఖం చిన్నబోయింది. 'అన్నా' అని ఉంటే ఎంత బాగుండేది!

అంకుల్ అనకండి అని నేను చెప్పడం లేదు. కొత్తవాళ్ల వరస తెలియనప్పుడు అది మర్యాదైన పిలుపే. మీ అమెరికా స్నేహితుల ఇళ్లలో స్నేహితుడి నాన్నను మిస్టర్ అని ఇంటిపేరుతో పిలుస్తారని మీ అమ్మ చెప్పింది, అక్కడ అలాగే పిలవండి. ఆటలో కుస్తీ పట్టి 'సే అంకుల్!' అంటే ఓడిపోయానని ఒప్పుకోమని అర్థమట, చిన్నూ, నిజమేనా? మీ వాళ్లను అడిగి చెప్పు.

మీ మామయ్య సంగతి మాత్రం వేరు. చిన్నూ పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో రాత్రంతా నిలబడ్డాడు. మీ ఇద్దరినీ ఎత్తుకుని డాబా మీద చందమామను చూపించాడు. ఆకాశంలో ఉన్న ఆయన్ని కూడా మన పిల్లలు మామనే చేసుకున్నారు. మొన్న వీడియో కాల్‌లో బన్నీ 'హాయ్ అంకుల్' అన్నప్పుడు వాడు నవ్వాడు కానీ, కాల్ అయ్యాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఆ చెట్టు బొమ్మ తీసుకురా బన్నీ. ఆ నాలుగు చోట్లా ఇంగ్లీషు మాట కింద మన మాట కూడా రాద్దాం. 'మామయ్య'లో 'య్య' రాయడం నీకు ఇంకా రాదు కదా, నేను చెయ్యి పట్టుకుని రాయిస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ