నడుం మీద పడే అసలు బరువు

హైదరాబాద్‌లోని మలక్‌పేట గంజ్‌లో, అంటే టోకు మార్కెట్లో, ఉల్లిగడ్డ లారీ వచ్చి ఆగాక హమాలీలు పని చేసే తీరు కాసేపు నిలబడి చూడండి. లారీ మీదున్నవాళ్లు కొక్కెం వేసి బస్తాను అంచు దాకా లాగుతారు. కిందున్నతను లారీకి వీపు పెట్టి కొంచెం వంగుతాడు. బస్తా జారి మెడ కింద, వీపు మీద కూర్చుంటుంది. ఒకసారి సర్దుకుని నడిచిపోతాడు. నేను ఉన్నంతసేపూ ఒక్క బస్తాను కూడా ఎవరూ ఒంటరిగా నేల మీంచి లేపలేదు. ఎందుకని అడిగితే ఒక పెద్దాయన చెప్పాడు: “కిందికెళ్లి లేపితే నడుము పోతది బిడ్డా. బండి మీదికెళ్లి తీసుకుంటే మోయొచ్చు.”

ఆయన చెప్పింది అక్షరాలా తక్కెడ లెక్క. మన నడుము, రెండు వైపులా కాడ పొడవు సమానంగా లేని తక్కెడ లాంటిది. మధ్యలో ఇరుసులా ఉండేది నడుము కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉన్న డిస్కు. ముందు వైపు మనం పట్టుకున్న బరువు, వెనక వైపు దాన్ని ఆపే వీపు కండరాలు. ఆ కండరాలు డిస్కుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. 20 కిలోల వస్తువును డిస్కుకు 40 సెంటీమీటర్ల దూరంలో, చేతులు చాచి పట్టుకున్నామనుకోండి. 20ని 40తో గుణించి 5తో భాగిస్తే 160. అంటే కండరాలు 160 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగితేనే తక్కెడ నిలుస్తుంది. ఆ లాగుడంతా డిస్కును నొక్కుతుంది. ముందుకు వంగితే మన ఒంటి పైభాగం బరువూ దీనికి తోడవుతుంది. అదే వస్తువును పొట్టకు ఆనించుకుని దూరాన్ని 20కి తగ్గిస్తే కండరాల మీద భారం 80కి దిగుతుంది. బరువు మాత్రం అదే 20 కిలోలు.

నాకు ఈ లెక్క తెలిసింది నడుము పట్టేశాకే. మా ఆఫీసులో 20 లీటర్ల నీళ్ల క్యాన్ మార్చబోయాను. నేల మీంచి లేపి, పక్కకు తిరిగి, తలకిందులు చేసి డిస్పెన్సర్ మీద పెట్టాలి. వంగడం, చేతులు చాచడం, మెలి తిరగడం, మూడూ ఒకే కదలికలో. తిరిగేటప్పుడు నడుములో ఏదో కలుక్కుమంది. అక్కడే కూలబడ్డాను. పది రోజులు చెప్పులు వేసుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సి వచ్చింది.

మనం ‘డిస్కు జారింది’ అంటాం గానీ డిస్కు ఎక్కడికీ జారదు. దాని మధ్యలో నీళ్లు నిండిన జిగురులాంటి గుజ్జు ఉంటుంది. చుట్టూ పొరలు పొరలుగా నార కట్లు. ఒక పొరలో నారలు ఒక వైపు ఏటవాలుగా, పక్క పొరలో ఎదురు వైపు. మెలి తిరిగితే సగం పొరలు బిగుసుకుంటాయి, మిగతా సగం వదులవుతాయి. అప్పుడు భారమంతా బిగిసిన వాటి మీదే. ఏళ్ల తరబడి అలా చిట్లుతూ వచ్చిన చోట గుజ్జు బయటకు ఉబ్బి నరాన్ని నొక్కవచ్చు. ఆ రోజు ఎత్తిన బరువు చివరి దెబ్బ మాత్రమే కావచ్చు.

ఇంకో సంగతి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే సాయంత్రం కంటే పొద్దున మనం సెంటీమీటరు పైచిలుకు పొడవుంటాం. ఉబ్బిన డిస్కు మీద వంగితే ఒత్తిడి ఎక్కువ. గంజ్‌కు లారీలు వచ్చేదీ, వీధుల్లో క్యాన్లు దిగేదీ సరిగ్గా ఆ వేళకే.

మరి ఎంత బరువు సురక్షితం? అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన ఒక సూత్రం ఉంది. అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు దాటకూడదంటుంది. అంటే వస్తువు ఒంటికి దగ్గరగా, నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో, పట్టుకోవడానికి వీలుగా ఉండాలి, మెలి తిరగకూడదు. అదే వస్తువు నేల మీద, చీలమండల నుంచి 50 సెంటీమీటర్ల అవతల ఉండి, దాన్ని 45 డిగ్రీలు తిరిగి నడుము ఎత్తుకు లేపాలంటే? లెక్క 7 కిలోల లోపుకు పడిపోతుంది. మన కిరాణా కొట్లో బియ్యం బస్తా 26 కిలోలు. 2022లో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వచ్చాక ఇక్కడ చాలా మిల్లులు ఆ కిలో కలిపాయి. పన్ను తప్పింది, అదనపు కిలో మోసేవాళ్ల మీద పడింది. సిమెంటు బస్తా 50 కిలోలు. మగ కార్మికుడికి 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. క్వింటాల్ బస్తాలు మోసిన తరం ఇంకా మన మధ్యే ఉంది.

గోదాముల్లో ‘మోకాళ్లు వంచి ఎత్తండి’ అని పోస్టర్లు అంటిస్తారు, ఒక పూట ట్రైనింగ్ ఇస్తారు, నడుముకు బెల్టు ఇస్తారు. చెప్పడం తప్పు కాదు. కానీ ఉత్త ట్రైనింగ్‌తో నడుం నొప్పులు తగ్గిన దాఖలా లేదని పరిశోధనలను గుదిగుచ్చి చూసిన సమీక్షలు తేల్చాయి. బెల్టుల సంగతీ అంతే. అమెరికాలో 9 వేల మందికి పైగా దుకాణ సిబ్బందిని పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, బెల్టు కట్టుకున్నవాళ్లకు నొప్పి గానీ గాయాలు గానీ తగ్గలేదు. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు. రోజుకు మూడు వందల బస్తాలు దించాల్సినవాడు ప్రతిసారీ మోకాళ్లు వంచి కూర్చుని లేవగలడా? వంద దాటేసరికి మోకాళ్లే మొరాయిస్తాయి.

మార్చాల్సింది బస్తా ఉండే చోటు. కింద వరసలో పెట్టే సరుకును తొడల ఎత్తు బల్ల మీద పెడితే వంగే పనే ఉండదు. చక్రాల ట్రాలీ ఉంటే మోసే పని తోసే పని అవుతుంది. తోయడం లాగడం కంటే నయం కూడా. ఇవన్నీ యజమాని కొనాల్సినవి, కార్మికుడు నేర్చుకోవాల్సినవి కావు. అందుకే కాబోలు పోస్టర్లే ఎక్కువ కనిపిస్తాయి.

నడుము పట్టేస్తే చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మంచానికే అతుక్కుపోకుండా, ఓర్చుకోగలిగినంత మేర కదులుతూ ఉండాలి. కాలు బలహీనపడినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మా ఆఫీసులో ఇప్పుడు క్యాన్ పొట్టి స్టూలు మీదే ఉంటుంది. మూతి మీద చార్జింగ్ పంపు పెట్టాం, మీట నొక్కితే నీళ్లు వస్తాయి. తలకిందులు చేసే పని పోయింది. అయితే మా అపార్ట్‌మెంట్‌లో క్యాన్లు తెచ్చే కుర్రాడు నాలుగో అంతస్తుకు ఇప్పటికీ భుజం మీద మోసుకుంటూ మెట్లెక్కుతున్నాడు. లిఫ్టు పక్కన ‘డెలివరీ వారు మెట్లు వాడవలెను’ అని బోర్డు ఉంది. ఆదివారం అసోసియేషన్ మీటింగు. ఆ బోర్డు తీసేయమని అడగబోతున్నాను.