ఉచితంగా దొరికే పాట: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పాటలు మిక్స్ చేయడం నా వృత్తి. గొంతు, తబలా, వయొలిన్లు, కీబోర్డు అన్నీ విడివిడి ట్రాకులుగా నా దగ్గరికి వస్తాయి. వాటిని ఒక పాటగా కూర్చి ఆడియో కంపెనీకి అందిస్తాను. మన కాపీరైట్ చట్టంలో ఈ పనికి రాయల్టీ లేదు. ఒప్పుకున్న మొత్తం ముట్టగానే ఆ పాటతో నా లెక్క తీరిపోతుంది. తర్వాత దాన్ని ఎంతమంది విన్నా, ఎలా విన్నా నా ఆదాయం మారదు. కానీ పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, వాయించినవాళ్లు నా కళ్ల ముందే పనిచేస్తారు. వాళ్లకు ఏం దక్కుతోందో, ఎక్కడ ఆగిపోతోందో దగ్గరి నుంచి చూస్తున్నాను కాబట్టి, నేను తరచూ వినే కొన్ని అపోహల గురించి రాయాలనిపించింది.

అపోహ: రచయితకు, సంగీత దర్శకుడికి డబ్బు ఎప్పుడో ముట్టింది. ఇప్పుడు మనం ఎలా విన్నా వాళ్లకు పోయేదేమీ లేదు.

వాస్తవం: ఒకప్పుడు ఇది చాలావరకు నిజమే. సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా ఒక మాట జోడించారు. మన చట్టం పాడేవారిని అసలు గుర్తించడమే లేదనీ, దీన్ని సరిదిద్దాలనీ కోరారు. అది జరగడానికి చాలా కాలం పట్టింది. గాయకులకు, వాద్యకారులకు ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో వచ్చింది. రచయితల, స్వరకర్తల పరిస్థితి 2012 సవరణతో మారింది. అప్పట్లో రాజ్యసభ సభ్యుడిగా ఉన్న గీత రచయిత జావేద్ అఖ్తర్ ఆ సవరణ కోసం గట్టిగా నిలబడ్డారు.

2012 జూన్ 21న అమలులోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం, సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించే సందర్భాన్ని మినహాయిస్తే, సాహిత్యాన్నీ బాణీనీ మరే రూపంలో వాడుకున్నా వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు హక్కుదారుతో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వాళ్లు వదులుకోవాలనుకున్నా వదులుకోలేరు. ‘నాకు రాయల్టీ అక్కర్లేదు’ అని ఒప్పందంలో సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. వారసులకో, సభ్యుల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప మరొకరికి రాసివ్వడానికి వీల్లేదు.

అందువల్ల ‘డబ్బు ఎప్పుడో ముట్టింది’ అనే వాదన ఇప్పటి పాటల విషయంలో నిలబడదు. రేడియోలో, టీవీలో, స్ట్రీమింగ్ యాప్‌లో పాట వినబడితే ఆ వాడకం నమోదై, వాటా లెక్కకు వస్తుంది. పైరసీ సైటు నుంచి దించుకున్న ఫైలు ఏ లెక్కలోనూ ఉండదు. కంపెనీతో పాటు రచయిత కూడా అక్కడే నష్టపోతున్నాడు.

ఇందులో నాకు బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. చట్టం ప్రకారం తబలా వాయించినవారూ ప్రదర్శకులే, వాణిజ్యపరమైన వాడకంలో వారికీ రాయల్టీ హక్కుంది. ఆచరణలో ఆ రోజు కాల్షీటుకు ఇచ్చే డబ్బే వారికి మొదటిదీ చివరిదీ. చాలా పాటలకు వారి పేర్లు కూడా ఎక్కడా ఉండవు. ఈ అన్యాయాన్ని చూపించి ‘అందుకే నేను కొనను’ అనేవాళ్లున్నారు. కొనకపోతే ఆ తబలా కళాకారుడికి పైసా పెరగదు. పేరు వేయమనీ, వాటా ఇవ్వమనీ అడగడం వేరే పోరాటం. దానికి శ్రోతలు గొంతు కలిపితే ఎంతో మేలు.

అపోహ: పాటలు ఉచితంగా ఇచ్చే సైట్లు, ఛానళ్లు పైసా తీసుకోకుండా సేవ చేస్తున్నాయి.

వాస్తవం: మన ఊళ్లలో దీనికి పాత చరిత్ర ఉంది. ఖాళీ క్యాసెట్టూ పాటల జాబితా ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చే దుకాణాలుండేవి. తర్వాత సెల్‌ఫోన్ షాపుల్లో మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించేవారు. ఆ రెండు చోట్లా మనం డబ్బు ఇచ్చాం. అది దుకాణదారుకు వెళ్లింది, పాట చేసినవారికి వెళ్లలేదు. ఇప్పుడు చెల్లింపు మన జేబులోంచి నేరుగా పోవడం లేదు, అంతే. డౌన్‌లోడ్ బటన్ నొక్కితే తెరుచుకునే జూదం యాప్‌ల ప్రకటనలు, వద్దన్నా దిగే ఇన్‌స్టలేషన్ ఫైళ్లు, నోటిఫికేషన్లకు అనుమతి అడిగే పేజీలు, ఇవే ఆ సైట్ల రాబడి. ప్రకటనలు చూపించే హక్కు ఎవరికీ లేదనడం లేదు. ఎవరి శ్రమ పక్కన చూపిస్తున్నారన్నదే ప్రశ్న.

అలాంటి చోట నుంచి దిగిన ఫైలును ఒకసారి కంప్యూటర్లో తెరిచి దాని వివరాలు చూడండి. కళాకారుడి పేరు ఉండాల్సిన చోట సైటు చిరునామా ఉంటుంది. ఆల్బమ్ పేరు పక్కన మళ్లీ అదే చిరునామా. సంగీతం, రచన అన్న గడులు ఖాళీ. కవర్ బొమ్మ మీద కూడా సైటు ముద్రే. పాటను అధికారికంగా విడుదల చేసేటప్పుడు ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఇస్తారు. ఎక్కడ వినబడినా ఫలానా పాట అని గుర్తుపట్టి, ఎవరికి చెల్లించాలో తేల్చడానికి అది ఆధారం. ఈ ఫైళ్లలో అది కనబడదు. డబ్బు సంగతి అటుంచినా, నెలల తరబడి ఒక చరణం కోసం కష్టపడిన మనిషి పేరు చెరిపేసి ఆ చోట సైటు పేరు రాసుకోవడం నాకు అన్నిటికన్నా పెద్ద తప్పుగా తోస్తుంది.

అపోహ: ఆ సైట్లలో 320 కేబీపీఎస్ దొరుకుతుంది, యాప్‌ల కన్నా నాణ్యత ఎక్కువ.

వాస్తవం: కేబీపీఎస్ అంటే ఒక్కో సెకను పాటకు ఎంత సమాచారం ఉంచారో చెప్పే కొలత. ఫైలు పేరులో 320 అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఆ నాణ్యత ఉండదు. అలాంటివాటిని స్పెక్ట్రమ్‌ను, అంటే పాటలోని మంద్ర స్థాయి నుంచి తార స్థాయి దాకా ఉన్న ధ్వనులను బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, చాలాసార్లు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ధ్వని ఆగిపోయి కనబడుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3లో సాధారణంగా కనబడే హద్దు అది. అంటే తక్కువ నాణ్యత ఫైలునో, వీడియో నుంచి లాగిన ధ్వనినో మళ్లీ 320గా మార్చారన్నమాట. ఒకసారి పోయిన వివరం తిరిగి రాదు. ఫైలు సైజు మాత్రం పెరుగుతుంది, రెండోసారి కుదించడం వల్ల మరికొంత చెడుతుంది. తాళాల మెరుపు, గాయని పల్లవి అందుకునే ముందు తీసుకునే ఊపిరి మొదట దెబ్బతింటాయి.

అపోహ: వేరేవాళ్ల పాటను నా వీడియోలో వాడినందుకు నేను డబ్బు తీసుకోలేదు, వాళ్ల పేరు కూడా వేశాను. పైగా 30 సెకన్లే వాడాను.

వాస్తవం: 30 సెకన్ల వరకు వాడుకోవచ్చన్న నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. సమీక్ష, విమర్శ, వార్తా కథనం, సొంత అధ్యయనం వంటి వాటికి న్యాయమైన మేరకు వాడుకునే వెసులుబాటు ఉంది. అది సెకన్ల లెక్క కాదు, దేనికోసం, ఎంతమేరకు అన్న లెక్క. పేరు వేయడం మర్యాద, తప్పక చేయాలి, కానీ అది అనుమతికి బదులు కాదు.

డబ్బు విషయానికొస్తే, తెలిసి ఉల్లంఘించినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా అని సెక్షన్ 63 చెబుతోంది. వ్యాపార లాభం కోసం చేయనిచోట కోర్టు కారణాలు రాసి శిక్షను అంతకన్నా తగ్గించవచ్చు. శిక్ష తగ్గవచ్చు కానీ, అది తప్పు కాకుండా పోదు.

అపోహ: పాత పాటలు ఇప్పుడు ఎవరి సొత్తూ కాదు.

వాస్తవం: ఒక పాటలో మూడు హక్కులు ఒకదానికొకటి సంబంధం లేకుండా నడుస్తాయి. రికార్డింగుకు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. సాహిత్యానికి రచయిత మరణించిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. బాణీకి స్వరకర్త విషయంలో అదే లెక్క. పాట ఎవరి పేరున ఉన్నా, హక్కు చేతులు మారినా, గడువును కొలిచేది మాత్రం రాసినవారి, స్వరపరిచినవారి జీవితంతోనే.

‘మాయాబజార్’నే తీసుకోండి. 1957లో విడుదలైన ఆ రికార్డింగుల గడువు 2017తో ముగిసింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కాబట్టి సాహిత్యానికి 2031 చివరి వరకు రక్షణ ఉంది. ఘంటసాల 1974లో వెళ్లిపోయారు, ఆయన స్వరపరిచినవాటికి 2034 వరకు. అందులో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. ఆయన 1999 వరకు జీవించారు, ఆ బాణీల లెక్క 2059 దాకా సాగుతుంది. తాతల కాలం నాటి పాట అని మనం అనుకునేది చట్టం దృష్టిలో ఇంకా సగం పైగా సజీవమే.

ఈ గడువు మరీ ఎక్కువని నా అభిప్రాయం. 1992లో దీన్ని 50 నుంచి 60కి పెంచారు. దానివల్ల కళాకారుల కుటుంబాలకన్నా కంపెనీలకే ఎక్కువ లాభం చేకూరిందని నమ్ముతున్నాను. పాత గ్రామఫోన్ రికార్డులను వెతికి పట్టుకొని, శుభ్రం చేసి, డిజిటల్‌లోకి మార్చి, రచయిత, స్వరకర్త, గాయకుల పేర్లతో సహా భద్రపరుస్తున్న సేకర్తలు మన తెలుగువాళ్లలో ఉన్నారు, దేశంలోనూ విదేశాల్లోనూ. మార్కెట్లో ఎక్కడా దొరకని పాటను అలా కాపాడినవారినీ, నిన్న విడుదలైన పాటను ఇవాళ ప్రకటనల మధ్య పెట్టినవారినీ ఒకే గాట కట్టలేను. చట్టం ఇద్దరినీ ఒకేలా చూడవచ్చు. నా మనసు చూడదు.

అపోహ: త్యాగరాజ కీర్తన ఎవరు పాడింది పెట్టుకున్నా పరవాలేదు.

వాస్తవం: త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందారు. కీర్తన అందరిదీ, మీరు పాడి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మరొకరు పాడి విడుదల చేసిన రికార్డింగు మాత్రం కొత్త హక్కు. అన్నమయ్య సంకీర్తనలకైతే ఇంకో మెలిక ఉంది. రాగి రేకుల్లో సాహిత్యం, రాగం పేరు దొరికాయి గానీ స్వరాలు దొరకలేదు. మనం ఇవాళ పాడుకునే బాణీల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. సాహిత్యం స్వేచ్ఛగా ఉన్నా ఆ బాణీకి హక్కు ఉండవచ్చు.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. సొంతంగా కీర్తన పాడి యూట్యూబ్‌లో పెట్టిన పిల్లలకు, ఏదో ఆడియో కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంటుంది. ధ్వనిని ధ్వనితో పోల్చే యంత్రం అది. ఒకే రాగం, ఒకే బాణీ, తంబూరా శ్రుతి కలిసేసరికి పొరబడుతుంది. భయపడి తీసేయకండి. అభ్యంతరం నమోదు చేయండి. 30 రోజుల్లో అవతలివారు స్పందించకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది.

అపోహ: పెళ్లిలో పాట వేసినా లైసెన్సు కట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. మతపరమైన వేడుకకు ఉన్న మినహాయింపులో పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా చేరతాయని సెక్షన్ 52 వివరణలోనే ఉంది. అయితే అదే పాటను పెళ్లి వీడియోకు జోడించి యూట్యూబ్‌లో పెట్టడానికి ఆ మినహాయింపు వర్తించదు. వీడియోగ్రాఫర్లు ఇక్కడే చిక్కుకుంటున్నారు. స్వేచ్ఛా లైసెన్సు ఉన్న సంగీతాన్నో, ఊళ్లో నాదస్వరం వాయించేవారితో రికార్డు చేయించుకున్నదాన్నో వాడితే ఈ ఇబ్బంది రాదు, వాయించినవారికి నాలుగు డబ్బులూ వస్తాయి.

అపోహ: డౌన్‌లోడ్ చేసిన ప్రతివారూ దొంగే, కేసులు పెడితే గానీ మారరు.

వాస్తవం: అమెరికాలో ఆ ప్రయోగం జరిగింది. పాటల ఫైళ్లను ఒకరితో ఒకరు పంచుకునేందుకు 1999లో వచ్చిన నాప్‌స్టర్ అనే సేవను 2001లో మూయించాక, రికార్డు కంపెనీలు మామూలు శ్రోతల మీద పడ్డాయి. 24 పాటలు పంచిందని ఒక సాధారణ మహిళ మీద చివరకు 2,22,000 డాలర్ల పరిహారం ఖరారైంది. అది నా దృష్టిలో క్రూరత్వం. ఆ కేసుల వల్ల పంచుకోవడం ఆగలేదు, 2008 చివరికి కంపెనీలే ఆ పద్ధతి మానుకున్నాయి. శ్రోతలను మార్చింది సులువుగా, చవగ్గా, నిజాయితీగా వినే దారి దొరకడం. మీరు కొన్న సీడీలోని పాటను మీ ఫోనులోకి మార్చుకుంటే అది సొంత వాడకమే. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

అపోహ: స్ట్రీమింగ్‌లోనూ కళాకారులకు ఏమీ రాదు, కాబట్టి అదీ పైరసీ డౌన్‌లోడూ ఒకటే.

వాస్తవం: తక్కువే వస్తుంది, ఒక్కోసారి అవమానకరంగా తక్కువ. ఒక్కో వినికిడికి ఇంత అని స్థిరమైన ధర లేదు. చందాలు, ప్రకటనల డబ్బంతా ఒకచోట పోగై, మొత్తం వినికిళ్లలో ఏ పాట వాటా ఎంతో ఆ ప్రకారం పంచుతారు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1,000 సార్లయినా వినబడని రికార్డింగుకు ఆ వాటా కూడా లేదు. సొంతంగా పాటలు చేసుకునే కొత్తవారికి ఇది అన్యాయమే. అలాంటివారి పాట నచ్చితే నేరుగా కొనండి. బ్యాండ్‌క్యాంప్ వంటి చోట డిజిటల్ అమ్మకంలో వేదిక తీసుకునేది సాధారణంగా 15 శాతం, చెల్లింపు రుసుము పోను మిగతాది కళాకారుడికే. వాట్సాప్‌లో మిత్రులకు పంపాలనిపిస్తే ఫైలు కాకుండా వాళ్ల అధికారిక పేజీ లింకు పంపండి. విన్న ప్రతిసారీ లెక్కలోకి వస్తుంది.

పాటలు రాసేవారికి, బాణీలు కట్టేవారికి ఒక మాట. రాయల్టీ దానంతట అది ఇంటికి నడిచి రాదు. రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై, ఒక్కో పాటనూ, సహరచయితల పేర్లతో, వాటాలతో నమోదు చేసుకోవాలి. పేరు అక్షరక్రమం అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. పాట విడుదలయ్యే ముందే కంపెనీ నుంచి ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య అడిగి రాసిపెట్టుకోండి. రచయిత లేకపోయినా చట్టబద్ధ వారసులు సభ్యత్వం తీసుకోవచ్చు. మీకు తెలిసిన గీత రచయితల కుటుంబాలు ఉంటే ఈ సంగతి వాళ్లకు చెప్పండి.