మూడు శాతం షరతు వెనుక 130 ఏళ్ల బేరం

2025 మే 14న టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్, దావా వేసే వాటాదారుకు కనీస వాటా ఉండాలని కంపెనీలు షరతు పెట్టుకునే వీలిచ్చే బిల్లుపై సంతకం చేశారు. మర్నాడే టెస్లా తన బైలాస్‌లో (కంపెనీ అంతర్గత నియమావళిలో) కొత్త షరతు చేర్చింది. కంపెనీ తరఫున డైరెక్టర్ల మీద దావా వేయాలంటే ఇకపై కనీసం 3 శాతం వాటా ఉండాలి. అప్పటి ధరకు అది 3,000 కోట్ల డాలర్ల పైమాటే. అంతకుముందు టెస్లా నమోదై ఉన్న డెలావేర్ రాష్ట్రంలో, దాని సీఈఓ ఎలాన్ మస్క్ పారితోషికాన్ని కోర్టుకీడ్చిన వాటాదారుకు ఉన్నవి తొమ్మిది షేర్లు!

అమెరికాలో కంపెనీ ఏ రాష్ట్రంలో నమోదైతే దాని ఇంటి వ్యవహారాలకు ఆ రాష్ట్ర చట్టమే దిక్కు. ఫ్యాక్టరీ ఎక్కడున్నా సరే. బైలాస్‌లో ఏం రాసుకోవచ్చో, ఏం రాసుకోకూడదో చెప్పేదీ ఆ చట్టమే. అందుకే రాష్ట్రాల మధ్య బేరం మొదలైంది.

ముందుగా అంగడి తెరిచింది న్యూజెర్సీ. ఒక కంపెనీ మరో కంపెనీ షేర్లు కొనుక్కోవచ్చని 19వ శతాబ్దం చివర్లో అనుమతించి, 1896లో చట్టాన్ని మరింత సడలించింది. స్టాండర్డ్ ఆయిల్ వంటి దిగ్గజాలు అక్కడికి చేరాయి. 1899లో డెలావేర్ దాదాపు అదే చట్టాన్ని తెచ్చుకుంది. 1913లో గవర్నర్ వుడ్రో విల్సన్ పట్టుబట్టి ట్రస్టుల (గుత్తాధిపత్య కూటముల) మీద ఏడు కఠిన చట్టాలు చేయించగానే కంపెనీలు న్యూజెర్సీ నుంచి మూటాముల్లె సర్దుకున్నాయి. కొన్నేళ్లకు ఆ రాష్ట్రం వెనక్కి తగ్గినా పోయినవారు తిరిగి రాలేదు.

డెలావేర్‌లోని విల్మింగ్టన్ నగరంలో 1209 నార్త్ ఆరెంజ్ స్ట్రీట్ ఒంటి అంతస్తు భవనం. రెండు లక్షలకు పైగా సంస్థలకు కాగితం మీద అదే చిరునామా. జ్యూరీ లేకుండా, కంపెనీ చట్టంలో పండిన న్యాయమూర్తులే తీర్పు చెప్పే చాన్సరీ కోర్టు డెలావేర్‌కు మరో ఆకర్షణ. అమెరికా పెట్టుబడి కోసం తిరిగే హైదరాబాద్ స్టార్టప్‌లకూ ‘డెలావేర్‌లో రిజిస్టర్ చేశారా?’ అన్న ప్రశ్న కొత్తది కాదు.

ఆ కోర్టులు కరిచిన సందర్భాలూ ఉన్నాయి. 1985లో ట్రాన్స్ యూనియన్ కేసులో, రెండు గంటల సమావేశంలో కంపెనీ అమ్మకానికి తలూపిన డైరెక్టర్లే బాధ్యులని డెలావేర్ సుప్రీంకోర్టు తేల్చింది. బోర్డులు బెంబేలెత్తాయి. మరుసటి ఏడాదే శాసనసభ మందు కనిపెట్టింది: అజాగ్రత్తకు డైరెక్టర్లు నష్టపరిహారం కట్టనక్కరలేదని కంపెనీ తన స్థాపనపత్రంలో రాసుకోవచ్చు. అయితే అన్నిసార్లూ కంపెనీల పక్షమే వహించిందని అనలేం. దావాలో ఓడిన వాటాదారే ఖర్చులన్నీ భరించాలనే బైలాస్‌ను వ్యాపార కంపెనీలు పెట్టుకోకుండా 2015లో నిషేధించింది.

మస్క్‌కు ఇచ్చిన 5,580 కోట్ల డాలర్ల ప్యాకేజీని 2024 జనవరిలో చాన్సరీ కోర్టు కొట్టేసింది. జూన్‌లో వాటాదారుల ఓటుతో టెస్లా టెక్సాస్‌కు మారింది. మిగతావారూ పోతారేమోనన్న బెంగతో డెలావేర్ 2025 మార్చిలో, నియంత్రణ గల వాటాదారులకు ఊరటగా చట్టాన్ని సవరించింది. నా దృష్టిలో ఇది సంస్కరణ కాదు, ఖాతాదారును నిలుపుకునే తాపత్రయం. అక్కడ నమోదైనందుకు కంపెనీలు కట్టే ఫ్రాంచైజ్ పన్ను ఆ చిన్న రాష్ట్ర ఖజానాకు ప్రాణవాయువు మరి.

2025 డిసెంబరులో డెలావేర్ సుప్రీంకోర్టు ఆ ప్యాకేజీని పునరుద్ధరించింది. అప్పటికి టెస్లా చిరునామా మారి ఏడాదిన్నర.