కోర్వేర్ తగాదాకు మూలం 1964 మోడల్

పాత అమెరికన్ కార్ల ప్రియుల్లో సద్దుమణిగినట్టే ఉండి మళ్లీ రాజుకునే తగాదా ఒకటుంది. 1960-63 మధ్య తయారైన షెవ్రొలే కోర్వేర్‌ను ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంచాలన్నది ఒక వర్గం పట్టుదల. ముందు చక్రాల దగ్గర స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ), వెనుక ఇరుసు కింద ఒక ఉక్కు పట్టీ వేసుకుంటే తప్పేమిటన్నది రెండో వర్గం ప్రశ్న. కోర్వేర్ ప్రమాదకరమైన కారని న్యాయవాది రాల్ఫ్ నాడర్ పుస్తకం రాయడం, ఆయన వెనక షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ డిటెక్టివ్‌లను పెట్టడం, 1966లో సెనేట్ ఉపసంఘం ముందు కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పుకోవడం అందరికీ తెలిసిన కథే. నేటి తగాదా అర్థం కావాలంటే చూడవలసింది దాన్ని కాదు, 1964 మోడల్‌ను.

కోర్వేర్ ఇంజిన్ ఆరు సిలిండర్లది, గాలితో చల్లబడేది, వెనుక ఇరుసుకు కూడా వెనకాల ఉంటుంది. కారు బరువులో 60 శాతానికి పైగా వెనుక చక్రాల మీదే. అందుకే ముందు టైర్లలో గాలి 15 పౌండ్లు, వెనుక టైర్లలో 26 ఉండాలని కంపెనీ చెప్పింది. (మన టాటా నానోకూ ఇంజిన్ వెనుకే, దాని వెనుక టైర్లు ముందువాటికంటే వెడల్పు.) బంకులో అలవాటు కొద్దీ నాలుగు టైర్లకూ ఒకే గాలి కొట్టేస్తే ఆ లెక్కంతా గాలికి పోయినట్టే. పైగా వెనుక ఇరుసు రెండు ముక్కలు, ఒక్కొక్కటి డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె) దగ్గర మాత్రమే కీలు మీద ఊగుతుంది. వేగంగా మలుపు తిప్పితే కారు వెనుక భాగం పైకి లేస్తుంది, బయటివైపు చక్రం కిందికి మడుచుకుంటుంది, టైరు అంచు మీద నిలుస్తుంది. ఇక తోక విసిరేయడమే తరువాయి.

ముందు స్టెబిలైజర్ బార్ ఉంటే ఈ గుణం తగ్గుతుందని ఇంజనీర్లకు తెలుసు. ఖర్చు కలిసొస్తుందని తొలి కార్లకు వెయ్యలేదు. 1962లో అదనపు డబ్బు కట్టినవారికి ఇచ్చారు. మిగతావారి అవసరం బయటి సంస్థలు కనిపెట్టాయి. కాలిఫోర్నియాలోని ఎంపీ (EMPI) అనే విడిభాగాల సంస్థ ఇరుసు కిందికి దిగజారకుండా ఆపే పరికరాన్ని తయారుచేసి అమ్మింది. కోర్వేర్‌కు మార్పులు చేయడమనే అలవాటు పుట్టింది సరదాతో కాదు, ఈ లోటుతో.

1964లో కంపెనీయే దిగివచ్చింది. ముందు బార్, వెనుక అడ్డంగా ఒక పట్టీ, రెండూ ప్రతి కారుకూ వచ్చాయి. అప్పటి షెవ్రొలే అధిపతి బంకీ క్నూడ్సెన్ రాజీనామా చేస్తానని బెదిరిస్తే గానీ పైవారు ఒప్పుకోలేదని, కారుకు అయ్యే అదనపు ఖర్చు 15 డాలర్లేనని జనరల్ మోటార్స్‌లో పెద్ద అధికారిగా పనిచేసిన జాన్ డెలోరియన్ తర్వాత చెప్పాడు. 1965లో వెనుక సస్పెన్షన్‌నే పూర్తిగా మార్చేశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, అంటే నాడర్ పుస్తకం రాకముందే, కోర్వేర్ మీద కొత్త పనులు ఆపి చట్టం కోరినంత మాత్రమే చేయాలని కంపెనీ లోలోపల నిర్ణయించుకుంది. పోటీ కారు ఫోర్డ్ మస్టాంగ్ కొట్టిన దెబ్బ అది.

దాంతో పని డీలర్ల చేతికి, యజమానుల చేతికి వచ్చింది. పెన్సిల్వేనియా డీలరు డాన్ యెంకో వెనుక సీటు పీకేసి, ఇంజిన్ శక్తి పెంచి, రేసు నిబంధన కోసం ‘స్టింగర్’ పేరుతో అలాంటి కోర్వేర్‌లు వంద సిద్ధం చేశాడు. వాటిలో ఒకటి 1967లో తన తరగతిలో జాతీయ టైటిల్ గెలిచింది. మామూలు యజమానుల తిప్పలు వేరు. ఫ్యాన్ ఇంజిన్ పైన పడుకుని తిరుగుతుంది, దాన్ని తిప్పే బెల్టు మధ్యలో 90 డిగ్రీలు మలుపు తీసుకోవాలి. ఇంజిన్‌ను ఒక్కసారిగా పరుగెత్తిస్తే బెల్టు జారిపోతుంది. అదనపు బెల్టు, దానికి సరిపోయే స్పానర్ లేకుండా బయల్దేరే కోర్వేర్ యజమాని అరుదు.

మొదటి వర్గం చేతిలో ఉన్న ఆయుధం 1972 నాటి ప్రభుత్వ నివేదిక. 1963 కోర్వేర్‌ను ఫోర్డ్ ఫాల్కన్, ప్లిమత్ వేలియంట్, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, రెనో డోఫిన్ కార్లతో పోల్చి, తోటి కార్లకు ఇది తీసిపోదని తేల్చారు. నిజమే. అయితే ఆ తోటి కార్లలో రెండింటికి, ఫోక్స్‌వ్యాగన్‌కూ రెనోకూ, వెనుక ఇంజిను, ఊగే ఇరుసే.

వెనుక సీటు చోట వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ దించే, క్రౌన్ సంస్థ అమ్మిన కిట్ల సంగతి వచ్చేసరికి మాత్రం వారి అభ్యంతరంలో పస ఉంది. ఇంజిన్ వెనుక ఉండదు, గాలితో చల్లబడదు, రేడియేటర్ కూడా పెట్టుకోవాలి. బోల్టులు విప్పితే ఊడివచ్చే పట్టీ వేసుకున్న 1961 కారును కూడా దానితో ఒకే గాటన కట్టడం వల్లే తగాదా తెగడం లేదు.